సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు: బ్యాటరీ వయసు, వారంటీ లెక్క, విదేశాల నుంచి తెచ్చుకునే ఆశ

హోండా సిటీ హైబ్రిడ్, మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ మూడూ 2022లో మన రోడ్ల మీదికి వచ్చాయి. అదే ఏడాది నవంబరులో ఇన్నోవా హైక్రాస్‌ను చూపించారు. వాటిని మొదట కొన్నవాళ్లు ఇప్పుడు బండి మారుస్తున్నారు. దాంతో హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్ బజార్లలో హైబ్రిడ్లు కనిపిస్తున్నాయి, కొనేవాళ్లకు టెన్షన్ కూడా మొదలైంది. ఒకరు "బ్యాటరీ పోతే లక్షలు పోతాయి, జోలికి వెళ్లకు" అంటారు. ఇంకొకరు "లీటరుకి 28 కిలోమీటర్లు ఇస్తుంది, కళ్లు మూసుకుని కొను" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ మాట ఏ బండికి వర్తిస్తుందో తెలియాలంటే, ముందు హైబ్రిడ్ పేరుతో అమ్ముతున్నది ఏమిటో చూడాలి.

పేరు ఒకటే, బండ్లు వేరు

మారుతి 2015లో సియాజ్ డీజిల్‌లో ఎస్‌హెచ్‌వీఎస్ అనే పద్ధతి తెచ్చింది, తర్వాత ఎర్టిగాలో పెట్టింది. దీన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. బెల్టుతో ఇంజనుకు తగిలించిన చిన్న మోటారు సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనును మళ్లీ స్టార్ట్ చేస్తుంది, ఎత్తుకునేటప్పుడు కాస్త సాయం పడుతుంది. అంతవరకే దాని పని. కేవలం కరెంటుతో బండిని నడిపే బలం దానికి లేదు. ఇందులో బ్యాటరీ చిన్నది కాబట్టి భయపడాల్సిందీ తక్కువే, లాభమూ తక్కువే.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే బండిని కదిలించగలదు. ఛార్జింగ్ ప్లగ్గు అక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడూ, ఇంజను తిరుగుతున్నప్పుడూ బ్యాటరీ తనంతట తనే నిండుతుంది. పైన చెప్పిన 2022 బండ్లలోని హైబ్రిడ్లు, టొయోటా కామ్రీ హైబ్రిడ్, హైక్రాస్ హైబ్రిడ్, దాని జోడీగా మారుతి అమ్మే ఇన్విక్టో ఈ రకం. ఇక మూడోది ప్లగ్ ఇన్ హైబ్రిడ్. పెద్ద బ్యాటరీని గోడకు తగిలించి ఛార్జ్ చేసుకోవాలి. మన దేశంలో ఇవి ఖరీదైన విదేశీ బ్రాండ్లలో కొద్దిగా మాత్రమే ఉన్నాయి.

తికమక గ్రాండ్ విటారా, హైరైడర్‌లతో వస్తుంది. ఒకే బండి మైల్డ్‌లోనూ ఉంది, స్ట్రాంగ్‌లోనూ ఉంది. విటారా మాన్యువల్ మైల్డ్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ 21.11, స్ట్రాంగ్‌కు 27.97. అమ్మకం ప్రకటనలో "విటారా హైబ్రిడ్" అని మాత్రమే ఉంటే అది ఏదైనా కావచ్చు. ఆర్సీలో ఇంధనం దగ్గర పెట్రోల్/హైబ్రిడ్ అని ఉన్నా అది స్ట్రాంగ్ అని తేలినట్టు కాదు. తేల్చుకోవడానికి సులువైన ఆనవాలు గేరు. మన దగ్గర అమ్మిన ఈ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో చేత్తో మార్చే గేర్లు లేవు. క్లచ్ పెడల్ కనిపిస్తే అది మైల్డే. ఆటోమేటిక్ అయితే, కేవలం కరెంటుతో నడిపే ఈవీ మోడ్ బటన్ ఉందేమో చూడాలి. ఇక్కడి నుంచి ఈ వ్యాసంలో హైబ్రిడ్ అంటే స్ట్రాంగ్ హైబ్రిడ్ అనే అర్థం.

రెండు యంత్రాలుంటే రెట్టింపు రిపేర్లా?

అనుభవమున్న మెకానిక్‌లు కూడా ఈ అనుమానం వెలిబుచ్చుతారు. ఇంజను ఉంది, దానికి తోడు మోటార్లు, ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీ ఉన్నాయి, కాబట్టి పాడయ్యేవి ఎక్కువ అని వాళ్ల వాదన. వాదన సబబుగానే ఉంది, కానీ లెక్కలో రెండో వైపు వదిలేశారు. టొయోటా పద్ధతిలో రెండు మోటార్ జనరేటర్లు, ఇంజను ఒక గేర్ల సెట్టు ద్వారా కలుస్తాయి. అందులో మామూలు గేర్‌బాక్సు లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. బండి వేగాన్ని చాలావరకు మోటారే తగ్గించి కరెంటుగా మారుస్తుంది, అందుకే బ్రేక్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. హోండా దారి కాస్త వేరు. ఊళ్లో ఇంజను ఎక్కువగా జనరేటర్‌ను తిప్పుతుంది, మోటారు చక్రాలను తిప్పుతుంది. హైవే వేగంలో క్లచ్ ఒకటి పడి ఇంజనే నేరుగా చక్రాలకు కలుస్తుంది.

అంటే మామూలు కారులో చిన్నచిన్న రిపేర్లకు పోయే డబ్బు ఇక్కడ తగ్గుతుంది. దానికి బదులు అరుదుగా వచ్చే పెద్ద ఖర్చు ఒకటి పొంచి ఉంటుంది. కొత్త బండి కొన్నవాడికి ఆ ఖర్చు చాలా దూరంలో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు దానికి దగ్గరగా వచ్చి నిలబడతాడు. ఎంత దగ్గరగా అన్నదే అసలు ప్రశ్న.

బ్యాటరీ ఎలా ముసలిదవుతుంది?

ఈ బ్యాటరీని ఫోను బ్యాటరీలాగా నూరు శాతం నింపి సున్నా దాకా ఖాళీ చెయ్యరు. కారులోని కంప్యూటర్ దాన్ని ఎప్పుడూ మధ్యలోనే, అంచులు తగలకుండా ఆడిస్తుంది. ఎక్కువ కాలం మన్నడానికి ముఖ్య కారణం ఇదే. రకాలు రెండు. హైక్రాస్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్ వాడారు. సిటీ, విటారా, హైరైడర్‌లలో లిథియం అయాన్.

లోపల చిన్నచిన్న మాడ్యూళ్లు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా కలిసి ఉంటాయి. ప్రపంచమంతా తిరిగిన మూడో తరం ప్రియస్‌లో 28 మాడ్యూళ్లు, ఒక్కోటి 7.2 వోల్టులు, మొత్తం 201.6 వోల్టులు. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు కుంటితే రెండోదీ ఆగాల్సిందే, ఇక్కడా అంతే. ఒక మాడ్యూల్ బలహీనపడితే మొత్తం ప్యాక్ శక్తి దానికి తగ్గట్టు పడిపోతుంది. అందుకే పాత ప్యాకుల్లో చెడిన మాడ్యూల్ ఒక్కటీ మార్చి "బ్యాటరీ రిపేర్ చేయించాం" అని అమ్మడం విదేశాల్లో మామూలైంది. మిగిలిన మాడ్యూళ్ల వయసు మారలేదు కాబట్టి, కొన్నాళ్లకు వాటిలో మరొకటి దిగజారుతుంది. కొత్త ప్యాక్ వేసిన బండికీ, ఇలా అతుకు వేసిన బండికీ ధరలో తేడా ఉండి తీరాలి. బిల్లు చూస్తే ఏం మార్చారో తెలుస్తుంది.

మన ప్రాంతానికి సంబంధించిన విషయం వేడి. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ కారు లోపలి గాలినే పీలుస్తుంది. ఆ గాలి లోపలికి వెళ్లే జాలీ సీటు కిందో, వెనక సీటు పక్కనో ఉంటుంది. రెంటచింతల ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో ఆ గాలి ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. దానికి తోడు జాలీకి దుమ్ము, పెంపుడు కుక్క బొచ్చు, పిల్లలు పడేసిన చిప్స్ పలుకులు అడ్డుపడితే బ్యాటరీ వేడెక్కుతూనే ఉంటుంది. ఆ జాలీ ముందు వంగి టార్చి వేసి చూస్తే, పాత ఓనరు బ్యాటరీని ఎలా చూసుకున్నాడో అరనిమిషంలో తెలిసిపోతుంది. షోరూములో ఈ ఫిల్టర్ శుభ్రం చేసిన రికార్డు ఉంటే ఇంకా మంచిది.

వారంటీ: ఎనిమిదేళ్లా, లక్షా అరవై వేల కిలోమీటర్లా?

టొయోటా, మారుతి, హోండా మన దేశంలో ఈ హైబ్రిడ్ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఏది ముందు పూర్తయితే అక్కడితో ఆగిపోతుంది. లెక్క మొదటి ఓనరుకు బండి అందిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు.

రెండు హైక్రాస్‌లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. మొదటిది నాలుగేళ్లది, 60,000 తిరిగింది. రెండోది రెండేళ్లది, ట్రావెల్స్‌లో ఉండి 1,30,000 తిరిగింది. చూపుకు రెండోది కొత్త, ధర కూడా ఎక్కువ చెబుతారు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి మొదటి బండిలో ఇంకా 4 ఏళ్ల వారంటీ మిగిలి ఉంది. ఆ నాలుగేళ్లలో తిరిగేది 60,000, కాబట్టి కిలోమీటర్ల హద్దు తగలదు. రెండో బండిలో మిగిలింది 30,000 కిలోమీటర్లు, అంటే 2 ఏళ్లు. బ్యాటరీ కోణంలో చూస్తే పాత బండికే ఎక్కువ ఆయుష్షు ఉంది.

మీటర్ వెనక్కి తిప్పడం వల్ల మామూలు కారులో కంటే ఇక్కడ నష్టం ఎక్కువ అయ్యేది అందుకే. 1,70,000 తిరిగిన బండి మీటరు 70,000 చూపిస్తే, కొన్నవాడు లేని వారంటీకి డబ్బు కట్టినట్టు. షోరూము సర్వీస్ రికార్డులో ప్రతిసారీ కిలోమీటర్లు రాసి ఉంటాయి. వాటి వరుస సాఫీగా పెరుగుతూ రావాలి. మధ్యలో ఏడాదిన్నర పాటు ఎంట్రీ లేకపోతే ఆ కాలంలో బయట సర్వీస్ చేయించారన్నమాట, అప్పుడు వారంటీ చెల్లుతుందా లేదా అన్నది షోరూము వాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోవాల్సిన విషయం. వారంటీ ముగిసిన బండి అయితే, అదే మోడల్ బ్యాటరీకి ఇవాళ్టి కొటేషన్ తీసుకుని, ఆ మొత్తాన్ని బేరంలో ముందు పెట్టడం న్యాయమైన పద్ధతి.

బండి ముందు నిలబడి చూసేవి

చల్లటి ఇంజనుతో చూడటానికి ఒక కారణం ఉంది. బండి ముందే నడిపి ఉంచితే బ్యాటరీ సరైన స్థాయికి వచ్చేసి, బలహీనత దాక్కుంటుంది. రాత్రంతా ఆగిన బండిలో పవర్ బటన్ నొక్కితే రెడీ దీపం వెలగాలి. శబ్దం లేకపోయినా బండి సిద్ధంగా ఉన్నట్టే. ఏసీ వేసి అలాగే నిలబెడితే బ్యాటరీ గీతలు నెమ్మదిగా దిగి, ఇంజను తనంతట తనే లేచి, మళ్లీ నెమ్మదిగా ఎక్కించాలి. గీతలు కొద్ది నిమిషాల్లోనే పైనుంచి కిందికి పడిపోయి, అంతే వేగంగా నిండిపోతుంటే ప్యాక్‌లో శక్తి నిలవడం లేదని అర్థం. ఫ్యాన్ హోరు కూడా వినాలి. మామూలు ఎండలోనే అది ఎప్పుడూ గట్టిగా తిరుగుతుంటే బ్యాటరీ వేడిగా ఉన్నట్టు.

కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ తగిలిస్తే, ఒక్కో బ్లాకు, అంటే కొన్ని మాడ్యూళ్ల గుంపు, వోల్టేజీ విడిగా కనిపిస్తుంది. బండి లోడు మీద ఉన్నప్పుడు ఒక బ్లాకు మాత్రమే మిగతా వాటికంటే కిందికి జారుతుంటే జబ్బు అక్కడుంది. టొయోటాల్లో పీ0ఏ80 అనే కోడ్ వస్తే బ్యాటరీ ప్యాక్ దిగజారిందని కంప్యూటర్ తేల్చిన మాట. అమ్మేవాడు కోడ్ చెరిపేసి ఉండవచ్చు, అందుకే కాసేపు నడిపాక మళ్లీ స్కాన్ చేయించేవాళ్లు ఉన్నారు. దీనికి విరుద్ధంగా, వింత వింత హెచ్చరికలన్నీ ఒకేసారి వెలిగితే చాలాసార్లు దోషం పెద్ద బ్యాటరీది కాదు, మామూలు 12 వోల్టుల బ్యాటరీది. దాన్ని చూపించి భయపెట్టి బండి ధర తగ్గించిన బేరాలూ ఉంటాయి, దాన్ని చూసి మంచి బండిని వదిలేసినవాళ్లూ ఉంటారు.

వరద నీళ్లు మాత్రం విడిగా చెప్పుకోవాల్సినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు ఎన్నో కార్లు సీట్ల దాకా మునిగాయి. హైబ్రిడ్‌లో బ్యాటరీ, నారింజ రంగు హైవోల్టేజీ కేబుళ్లు, కనెక్టర్లు ఎక్కువగా ఉండేది ఆ ఎత్తులోనే. శుభ్రంగా కడిగి, సీటు కవర్లు మార్చేస్తే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద వాసన మిగతా సాక్ష్యాలు. ఇన్సూరెన్స్ కాగితంలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా మాట్లాడుతుంది. నాలుగేళ్లు క్లెయిమ్ లేకుంటే అది 45 శాతం ఉండాలి. సున్నా ఉంటే నిరుడు ఏం క్లెయిమ్ చేశారని అడగాల్సిందే. మునిగిన హైబ్రిడ్ ఎంత చవకైనా కొనదగిన బండి కాదని నా గట్టి అభిప్రాయం. కనెక్టర్లలో తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి అమ్మినవాడు ఫోను ఎత్తడు.

పెట్రోలు ఆదా మీ దారిని బట్టి

హైబ్రిడ్ లాభం బ్రేకుల్లో పుడుతుంది. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో వృథాగా పోయే శక్తిని అది వెనక్కి తీసుకుంటుంది. ఖాళీ హైవేలో బ్రేకే వెయ్యకపోతే తీసుకోవడానికి ఏమీ ఉండదు.

లీటరు పెట్రోలు 107 రూపాయలు, ఏడాదికి 12,000 కిలోమీటర్లు అనుకుందాం. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ తిరిగే కుటుంబానికి మామూలు ఆటోమేటిక్ పెట్రోలు కారు 12, హైబ్రిడ్ 20 ఇస్తే, ఖర్చయ్యేది 1,000 లీటర్లు ఒకవైపు, 600 లీటర్లు ఇంకోవైపు. మిగిలేది 400 లీటర్లు, అంటే 42,800 రూపాయలు. ఇంకో కుటుంబం ఎక్కువగా విజయవాడ హైవే మీద తిరిగి, పెట్రోలు కారు 17, హైబ్రిడ్ 20 ఇస్తే, మిగిలేది 106 లీటర్లు, సుమారు 11,300 రూపాయలు. సెకండ్ హ్యాండ్‌లో హైబ్రిడ్‌కు 1,50,000 ఎక్కువ పెట్టారనుకుంటే, మొదటివారికి మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. రెండోవారికి పదమూడేళ్లు పడుతుంది, అప్పటికి బ్యాటరీ వారంటీ ఎప్పుడో ముగిసిపోతుంది. హైవే వాళ్లు "డీజిలే నయం" అనడం మొండితనం కాదు, వాళ్ల లెక్క వాళ్లది.

ధర బేరమాడేటప్పుడు బండి కొత్తగా కొన్ననాటి షోరూము ధరతో పోల్చడం ఒక పొరపాటు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్ల మీద జీఎస్టీ 43 నుంచి 40 శాతానికి దిగింది. సెకండ్ హ్యాండ్ ధర కూడా ఇప్పటి షోరూము ధర నుంచి కిందికి లెక్కగట్టాలి.

వేరే రాష్ట్రం నుంచి తెస్తే ఇంకో చిక్కుంది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. ఆ మాఫీతో అక్కడ కొన్న బండి చవగ్గా కనిపించవచ్చు. ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఇక్కడికి తెచ్చాక బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టాలి. అక్కడ పన్నే కట్టలేదు కాబట్టి వెనక్కి అడగడానికి కూడా ఏమీ ఉండదు.

విదేశాల నుంచి మన దేశానికి తేవచ్చా?

"అన్నయ్యా, వచ్చే ఏడాది ఇండియాకి వచ్చేస్తున్నాం, ఇక్కడి కామ్రీ హైబ్రిడ్ తెచ్చుకోవచ్చా?" అని డాలస్ నుంచి అడిగినా, దుబాయ్ నుంచి అడిగినా సమాధానం స్టీరింగ్ దగ్గరే ఆగిపోతుంది. వాడిన కారు మన దేశంలోకి రావాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా, గల్ఫ్ కార్లకు ఎడమవైపు ఉంటుంది.

బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా వాళ్లకు ఆ అడ్డంకి లేదు, మిగతావి ఉన్నాయి. కారు తయారై మూడేళ్లు దాటకూడదు. హెడ్‌లైట్లు ఎడమ పక్కన నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి. మన మోటారు వాహన నిబంధనలకు తగినట్టు ఉందని ఓడ ఎక్కే ముందు సర్టిఫికెట్, దిగాక పరీక్ష ఉంటాయి. మరో ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉండాలి, అన్నేళ్లూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందన్న హామీ చూపాలి. పైగా వాడిన కారును ముంబై రేవులోనే దించాలి. విశాఖలోనో కృష్ణపట్నంలోనో దించుకుందామంటే కుదరదు.

ఇవన్నీ దాటితే సుంకం వస్తుంది. 2025 బడ్జెట్‌లో వాడిన కార్ల మీద మూల కస్టమ్స్ సుంకాన్ని 125 నుంచి 70 శాతానికి తగ్గించారన్న వార్త చూసి చాలామంది ఆశపడ్డారు. దానికి వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 67.5 శాతం కలిపారు. మొత్తం మునుపటిలాగే 137.5 శాతం. రవాణా, బీమా కలిపి కస్టమ్స్ విలువ 10 లక్షలు అనుకుందాం. సుంకం 13.75 లక్షలు, కలిపితే 23.75 లక్షలు. దాని మీద 40 శాతం జీఎస్టీ 9.5 లక్షలు. రేవు దాటేసరికి 33.25 లక్షలు, లైఫ్ ట్యాక్స్ వేరే. ఆ విలువ కూడా మీరు కొన్న ధరే కావాలని లేదు. కొత్తగా ఉన్నప్పటి ధర నుంచి తరుగుదల తీసి కస్టమ్స్ వాళ్లు లెక్కగట్టే పద్ధతి ఉంది. అంత డబ్బుకు ఇక్కడ వారంటీతో కొత్త హైక్రాస్ వస్తుంది.

దిగుమతి హైబ్రిడ్లే మామూలైన చోట

న్యూజీలాండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇదంతా తలకిందులుగా ఉంటుంది. ఆక్లాండ్‌లో వాడిన కారు అంటే ఎక్కువగా జపాన్ నుంచి ఓడలో వచ్చిందే. చిన్న టొయోటా ఆక్వా నుంచి ప్రియస్ దాకా హైబ్రిడ్లు వరుసగా దొరుకుతాయి. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి ఖర్చుతో కూడిన తనిఖీ ఉంటుంది, అందుకే అక్కడివాళ్లు మంచి స్థితిలో ఉన్న బండ్లను త్వరగా వదిలేస్తారు.

జపాన్ వేలంలో బండిని పరీక్షించి రాసే షీటే ఈ బండ్లకు జాతకం. 4 లేదా 4.5 గ్రేడు అంటే మంచి స్థితి, ఆర్ అని ఉంటే ప్రమాదం తర్వాత బాగుచేసిన బండి. మంచు పడే ఉత్తర ప్రాంతాల బండికి కింద తుప్పు ఎక్కువ. అయితే షీటు ఒళ్లు ఎలా ఉందో చెబుతుంది కానీ బ్యాటరీలో ఎంత శక్తి మిగిలిందో చెప్పదు. జపాన్‌లో కంపెనీ ఇచ్చిన వారంటీ కూడా ఇలా వచ్చిన బండికి సాధారణంగా వెంట రాదు.

సొంతంగా జపాన్ నుంచి తెప్పించుకుంటే డీలరు లాభం మిగులుతుంది, నిజమే. కానీ డీలరు దగ్గర కొంటే 1993 నాటి వినియోగదారుల హామీ చట్టం వర్తిస్తుంది. బ్యాటరీ త్వరగా పోతే, బండి వయసు, ధరలను బట్టి అది సమంజసమా అని మోటారు వాహనాల వివాద ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంటుంది. డీలరు అద్దానికి అంటించే సమాచార కార్డులో, దెబ్బతిన్న స్థితిలో దిగుమతైందా అన్నది కూడా రాసి ఉండాలి. జపాన్‌లో వేలం పాడి నేరుగా తెచ్చుకున్నవాడికి ఈ రక్షణ లేదు. పదేళ్ల ఆక్వా విషయంలో డీలరుకిచ్చే అదనపు డబ్బు ఆ రక్షణకు కట్టిన ధర. ప్లగ్ ఇన్ రకం తీసుకునేవాళ్లకు ఇంకో ఖర్చుంది. 2024 ఏప్రిల్ నుంచి వాటికి ప్రతి 1,000 కిలోమీటర్లకు 38 డాలర్ల రోడ్డు రుసుము పెట్టారు, మామూలు పెట్రోలు హైబ్రిడ్లకు అప్పుడు ఆ రుసుము పెట్టలేదు.